తెర మీద పిల్లల వేలు పడకుండా పాఠం చెప్పడం ఎలా?

మీ బడికి ఐఎఫ్‌పీ ప్యానెల్, అదే వేలితో తాకి నడిపే పెద్ద తెర, వచ్చిందా? సంతోషం. దాని మీది ప్లాస్టిక్ కవరు మాత్రం తీయకండి. ఏడో తరగతి పిల్లలు రోజూ ముట్టుకుంటే అద్దం ఏం కావాలి? రిమోటు హెచ్‌ఎం గారి బీరువాలో ఉండటం క్షేమం. ఎంఈఓ గారు వస్తారనగా ముందు రోజే కవరు తీసి, తుడిచి, పాఠం చెబుతున్నట్టు ఫొటో దిగి పెట్టుకోండి. వచ్చిన రోజున కరెంటు ఉంటుందో ఉండదో.

ఇక పాఠం. కిరణజన్య సంయోగక్రియ చెప్పాలనుకుందాం. కిటికీలోంచి చెయ్యి చాపితే వేపాకు అందుతుంది గనుక ముందు కిటికీ మూయించండి. తర్వాత ప్రెజీ తెరవండి. 2009లో హంగేరీలో మొదలైన ఈ సాధనంలో స్లైడు వెంట స్లైడు రాదు. ఒకే పెద్ద కాగితం మీద దగ్గరకు దూకడం, దూరంగా జరగడం ఉంటుంది. విషయాల మధ్య సంబంధం చూపడానికి ఇది బాగా పనికొస్తుంది. మనకు ఆ సంబంధాలతో పనేముంది? ఆకు నుంచి సూర్యుడికి, సూర్యుడి నుంచి పత్రరంధ్రంలోకి, అక్కణ్నుంచి మళ్లీ సూర్యుడికి గిరగిరా తిప్పండి. వెనక బెంచీ వాడికి కళ్లు తిరిగాయంటే పాఠంలో లీనమయ్యాడన్నమాట.

పేర్లు, శీర్షికలు యూనికోడ్ కాని పాత అను ఫాంటులో కొట్టి, కాన్వా అనే డిజైను సైటులో అతికించండి. తెలుగంతా అర్థంకాని గుర్తుల ముద్దయిపోతుంది. ఆధునికంగా ఉంటుంది, ఉండనివ్వండి. యూనికోడ్‌లో కొట్టమని కొత్తగా వచ్చిన మేడం సలహా ఇస్తారు. ఆవిడకు 2018 ఫిబ్రవరి సంగతి గుర్తుచేయండి. ‘జ్ఞా’ను ఒక రకంగా కూర్చి మెసేజీ పంపితే ఐఫోన్లు కుప్పకూలాయి. ఆపిల్ వాళ్లు ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ సమస్యను సరిచేశారు. అది వాళ్ల ఫోన్ల లోపమే అనుకోండి, అయినా ఆవిడకు ఆ ముక్క చెప్పనక్కర్లేదు.

క్విజ్ పెట్టాలంటే కహూట్‌ను మించింది లేదు. 2013లో నార్వే నుంచి వచ్చింది. సరైన జవాబుకు వెయ్యి పాయింట్ల దాకా ఇస్తుంది, పిల్లలు తమ ఫోన్లలో ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ. ఆలోచించి జవాబు చెప్పే పిల్లల వల్ల పీరియడ్ ఎంత సాగిపోతోందో మీకు తెలియంది కాదు. వేగం లెక్కలోకి రాకుండా ఆడించే పద్ధతీ అందులోనే ఉంది, అటు చూడకండి. ఫోన్లు లేని పిల్లలంటారా, చప్పట్లు కొట్టడానికి ఎవరో ఒకరు కావాలిగా! ప్లికర్స్ అని ఇంకొకటుంది, దానితో జాగ్రత్త. పిల్లలకు తలా ఒక కాగితం కార్డు ఇస్తారు. జవాబును బట్టి కార్డును తిప్పి పైకెత్తితే మీ ఒక్క ఫోను కెమెరా అందరివీ చదివేస్తుంది. ఎవరికి పాఠం అర్థంకాలేదో అక్కడికక్కడే బయటపడుతుంది. ఆ తలనొప్పి మనకెందుకు?

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, తెర మీదే సైన్సు ప్రయోగాలు చేయించే ఫెట్. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. ఉచితం. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది, కొన్ని ప్రయోగాలు తెలుగులో కూడా దొరుకుతాయి. ఇన్ని సాకులు ఒకేసారి లాగేసుకునే వస్తువును బడిలోకి ఎలా రానిస్తాం? అందులో విద్యుత్ వలయాలు కట్టే ప్రయోగం ఒకటుంది. బ్యాటరీ, బల్బు, తీగలు లాగి పిల్లలే కలుపుతారు. మీరు బోర్డు మీద గీసిన బొమ్మలా కట్టి ఊరుకుంటారా? ఊరుకోరు. బల్బు తీసేసి బ్యాటరీ రెండు కొసలకూ నేరుగా తీగ కలుపుతారు. బ్యాటరీకి మంట అంటుకుంటుంది, తెర మీదే లెండి. క్లాసంతా ఘొల్లుమంటుంది. ఆ వెంటనే ఒకడు లేచి, “సార్, బల్బున్నప్పుడు ఎందుకు అంటుకోలేదు?” అంటాడు. గైడులో ఆ ప్రశ్న లేదు. నిరోధం గురించి మీరు అప్పటికప్పుడు చెప్పాల్సి వస్తుంది, అదీ వాడు నిజంగా వింటుండగా.

స్క్రాచ్ సంగతీ అంతే. ఎంఐటీ వాళ్లు 2007లో జనంలోకి వదిలారు. దాంతో పిల్లలు సొంతంగా కథ అల్లి, బొమ్మలను నడిపించి, తమ గొంతే రికార్డు చేసి పెడతారు. అందులోని పిల్లి బొమ్మ శ్రీకాకుళం యాసలో మాట్లాడటం మొదలుపెడితే బడి పరువేం కాను?

ఇలాంటి సైట్లలో పిల్లలకు ఖాతాలు తెరిచేటప్పుడు వయసు అడుగుతారు. అందరికీ 1990లో పుట్టినట్టు రాసేయండి. పద్దెనిమిదేళ్ల లోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం అంటోంది, కానీ సమ్మతి కోసం ఇల్లిల్లూ తిరిగే తీరిక ఎవరికుంది? పిల్లలు చేసినవన్నీ ఒకే ఉచిత సైటులో ఉంచి, కాపీ తీయకండి. ఫ్లాష్ 2020 చివర్లో పోయింది, గూగుల్ జామ్‌బోర్డు 2024 చివర్లో మూతపడింది. అలాగే ఆ సైటుతోపాటే పాత పనీ పోతే వచ్చే ఏడాది అదే ప్రాజెక్టు మళ్లీ కొత్తగా చేయించవచ్చు.

ఇంత జాగ్రత్తపడినా, ఎప్పుడో మీరు స్టాఫ్‌రూముకు వెళ్లొచ్చేసరికి ఒక అమ్మాయి ప్యానెల్ దగ్గర నిలబడి మిగతావాళ్లకు ఏదో కలిపి చూపిస్తూ ఉంటుంది. గదంతా ముందుకు వంగి చూస్తుంటుంది. కంగారుపడకండి, మెయిన్ స్విచ్ ఆపేయండి. కరెంటు పోయిందంటే ఎవరూ అనుమానించరు.