రక్తం పోయిన మనిషికి చెప్పకూడని సలహాలు

భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెం చుట్టుపక్కల గుంపుల్లో (చిన్న పల్లెల్లో) కాన్పయ్యాక గానీ, పాము కరిచాక గానీ మనిషి తేరుకోకపోతే సలహాలకు కొదవ ఉండదు. అందరూ ప్రేమతోనే చెబుతారు. అయినా వాటిలో కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. అలాంటివి కొన్ని కింద రాస్తున్నాను. వీటిని నమ్మి ఊరుకోకండి.

“పాలు పడలేదా? మునగాకు వండిపెట్టు, వెల్లుల్లి కారం పెట్టు, వాటంతటవే పడతాయి.”

పెట్టండి, తినడం వల్ల చెడేదేమీ లేదు. కానీ కాన్పులో ఎంత రక్తం పోయిందో ముందు అడగండి. బట్టలకు బట్టలు తడిసిపోయాయా, స్పృహ తప్పిందా, రక్తం ఎక్కించారా? ఎందుకు అడగాలంటే, మెదడు కింద, ముక్కు వెనకాల ఎముక గుంటలో శనగగింజంత గ్రంథి ఒకటుంది. దాని బరువు అర గ్రాము. దాని పేరు పిట్యూటరీ. థైరాయిడ్, మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథులు, అండాశయాలు, తల్లిపాలు అన్నీ దాని హార్మోన్లను బట్టే నడుస్తాయి. కడుపుతో ఉన్నప్పుడు అది పెరుగుతుంది, రక్తం మరింత కావాలంటుంది. సరిగ్గా అప్పుడే విపరీతంగా రక్తం పోయి బీపీ పడిపోతే ఆ గ్రంథి చచ్చుబడుతుంది. గ్లాస్గోలో పనిచేస్తున్న హెరాల్డ్ షీహన్ అనే వైద్యుడు 1937లో దీన్ని వివరించాడు. అందుకే దీన్ని షీహన్ సిండ్రోమ్ అంటారు. పాలు పడకపోవడమే చాలామందిలో దీని మొదటి గుర్తు.

“ముట్టు ఆగిందా? మంచిదే, ఒంట్లో రక్తం మిగులుతుంది.”

బిడ్డకు పాలివ్వని తల్లికి నెలలు గడిచినా ముట్టు రాకపోవడం మామూలు సంగతి కాదు. ఆ తర్వాత మిగతా లక్షణాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. చంకల్లో వెంట్రుకలు రాలిపోతాయి, ముఖం పాలిపోతుంది, ఎండాకాలంలోనూ చలి వేస్తుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. ఇవన్నీ ఏళ్ల తరబడి మెల్లగా వస్తాయి కాబట్టి కాన్పుకూ వీటికీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు. సోమరిదని అత్తగారింట్లో మాటలు పడిన ఆడవాళ్లలో ఎంతమందిది ఈ జబ్బో అనుకుంటే బాధేస్తుంది. కశ్మీర్ లోయలో జరిపిన అధ్యయనం ఒకటి 2005లో వెలువడింది. బిడ్డల్ని కన్న, 20 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో నూటికి సుమారు ముగ్గురికి ఈ జబ్బు ఉండొచ్చని అందులో అంచనా వేశారు. వాళ్లలో ఎక్కువమంది ఇంట్లోనే కన్నవాళ్లు.

“పాము కాటు మానింది, ఇక భయం లేదు.”

కరిచింది రక్తపింజర అయితే ఈ మాట అనకండి. దాని విషం ఒంట్లో రక్తం గడ్డకట్టే తీరునే తారుమారు చేస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కొందరిలో పిట్యూటరీని కూడా పాడుచేస్తుంది. అచ్చం షీహన్ జబ్బులాగే ఉన్న ఇలాంటి కేసులను బర్మాలో చూసిన వైద్యులు 1987లో లాన్సెట్ పత్రికలో రాశారు. మన దేశంలోనూ ఇవి నమోదయ్యాయి. ఇది ఆడవాళ్లకే కాదు, పొలానికీ అడవికీ వెళ్లే మగవాళ్లకూ వస్తుంది. కాటు తర్వాత నెలలకో ఏళ్లకో నీరసం, మీసం గడ్డం పలచబడటం, కోరిక తగ్గిపోవడం కనిపిస్తే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి. పాత కాటు సంగతి కూడా తప్పకుండా చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పకపోతే డాక్టరు వేరే దారిలో వెతుకుతాడు.

“ఆర్‌ఎంపీ సూదితో లేచి కూర్చుంది కదా, మళ్లీ అదే వేయించు.”

నాకు అన్నిటికంటే భయం కలిగించే సలహా ఇదే. ఆ సూదిలో చాలాసార్లు ఉండేది డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్. అడ్రినల్ నుంచి రావలసిన కార్టిసాల్ లేక పడిపోయిన మనిషి దానితో లేవడంలో వింత లేదు. నిజానికి అదే పెద్ద ఆధారం. సూది వేస్తే లేస్తోందీ, నాలుగు రోజులకు మళ్లీ పడిపోతోందీ అంటే కార్టిసాల్ పరీక్ష చేయించాలి. దీనికి రక్తం పొద్దున ఎనిమిది గంటల ప్రాంతంలో ఇవ్వాలి. సూది వేయించుకున్నట్టయితే ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

“సోడియం తక్కువట, ఉప్పు ఎక్కువ తినమను.”

కార్టిసాల్ లేనప్పుడు ఉప్పు తిన్నా, సెలైన్ ఎక్కించినా అది తాత్కాలికమే. మళ్లీ మళ్లీ సోడియం పడిపోతుంటే కారణం వెతకాల్సిందే.

“టీఎస్‌హెచ్ బాగానే ఉంది, థైరాయిడ్ లేదు.”

థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్ వచ్చేది పిట్యూటరీ నుంచే, అదే పాడైతే టీఎస్‌హెచ్ నార్మల్‌గా కనిపించవచ్చు. థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 కూడా చూడాలి. ఇంకో ముఖ్యమైన సంగతి. కార్టిసాల్ కొరత ఉన్న మనిషికి థైరాయిడ్ మాత్ర ముందుగా మొదలుపెడితే ప్రాణాపాయం రావచ్చు. మొదట స్టెరాయిడ్, తర్వాతే థైరాక్సిన్. ఈ వరుస డాక్టరుకు తెలుసు. పక్కింటావిడ మాత్రలు అరువు తెచ్చుకునేవాళ్లకు తెలియదు.

“తలనొప్పీ, చూపు తగ్గడమూ ఉంటే కళ్లద్దాలు మార్చుకో.”

రెండు పక్కలా చూపు మూసుకుపోతుంటే పిట్యూటరీలో గడ్డ పెరిగి కంటి నరాలను నొక్కుతోందేమో చూడాలి. ఇది వేరే జబ్బు. ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్‌ను చేసే గడ్డలు చాలావరకు కాబెర్గోలిన్ మాత్రలతోనే తగ్గుతాయి. తక్కినవాటికి సాధారణంగా ముక్కులోంచి ఆపరేషన్ చేస్తారు.

“ఒళ్లు కుదుటపడింది, మాత్రలు మానెయ్.”

కుదుటపడింది ఆ స్టెరాయిడ్, థైరాక్సిన్ మాత్రల వల్లే. వాటిని జీవితాంతం వేసుకోవాలి. జ్వరం వస్తే స్టెరాయిడ్ మోతాదు పెంచాలి. ఎంత పెంచాలో డాక్టరు చేత రాయించుకోండి. వాంతులై మాత్ర నిలవకపోతే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ పడాలి, ఆలస్యం చేయకూడదు. జబ్బు తేల్చడానికి హైదరాబాద్‌లో నిమ్స్‌లోనూ ఉస్మానియా ఆసుపత్రిలోనూ ఎండోక్రైనాలజీ (హార్మోన్ జబ్బుల) విభాగాలున్నాయి. ఆ తర్వాత రోజూ వాడే మాత్రలు ఖరీదైనవి కావు, కానీ అందుబాటులో ఉండాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటప్పుడు దారులు మునుగుతాయి, మందుల షాపు దాకా పోవడం కుదరదు. వానలు మొదలవకముందే రెండు నెలల మాత్రలు తెచ్చి తడవని డబ్బాలో పెట్టుకోండి. జబ్బు పేరు, మందు పేరు రాసిన కాగితం ఒకటి ఆ డబ్బాలో, ఇంకొకటి ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర ఉంచండి.