ఆవకాయ అంగడికి పన్నెండు షార్డులు

నాకు తెలిసిన ఆవకాయ వెబ్‌సైటు ఒకటుంది. రోజుకి 300 ఆర్డర్లు, అంటే సగటున ఐదు నిమిషాలకొకటి. ఆ బరువు మోయడానికి డేటాబేసును 12 షార్డులు చేశారు. "రేపు కోటిమంది వస్తే?" అంటాడు ఆర్కిటెక్టు. కోటిమందికి సరిపడా కాయ కొట్టేవాళ్ళు ఎక్కడున్నారని మాత్రం ఎవరూ అడగలేదు.

షార్డింగంటే ఉమ్మడి కుటుంబాన్ని వేరుకాపురాలు పెట్టించడమే. ఒక్క జాయిన్‌తో తేలే లెక్కకి ఇప్పుడు పన్నెండు గడపలూ ఎక్కి దిగాలి. పైగా జిల్లాలవారీగా పంచారు. హైదరాబాదు షార్డు చెమటలు కక్కుతుంటే ములుగు షార్డు కునుకు తీస్తోంది. అద్దె మాత్రం ఇద్దరికీ ఒకటే.

డిస్కుల ముచ్చట ఇంకా బాగుంటుంది. అమెజాన్‌వారి పాత జీపీ2 డిస్కులో వేగం జీబీకి 3 ఐఓపీఎస్ లెక్కన వస్తుంది. నిలకడగా 3000 కావాలంటే 1000 జీబీ కొనాల్సిందే. కొన్నారు, షార్డుకొకటి. అంగడి డేటా అంతా కలిపి 40 జీబీ. పన్నెండు కల్యాణమండపాలు అద్దెకు తీసుకుని తలా ఒక చాప పరిచినట్టుంది. 2020 డిసెంబరులో జీపీ3 వచ్చింది. ఎంత చిన్న డిస్కయినా 3000 ఇస్తుంది, జీబీ ధరా తక్కువే, సైటు ఆపకుండానే మారొచ్చు. మారారా? "నడుస్తున్నదాన్ని కదపకూడదండీ" అన్నారు, నడుస్తున్న డేటాబేసును పన్నెండు ముక్కలు చేసినవాళ్ళే! పోనీ సైజు తగ్గిద్దామా అంటే ఆ డిస్కు అభిమన్యుడి బాపతు. పెరగడం తెలుసు, తగ్గడం తెలియదు. చిన్న డిస్కు వేరే తెచ్చి డేటా అందులోకి మోసుకోవాలి.

పెద్దవాళ్ళంతా ఇలాగే షార్డులు చేస్తారట! 2016లో స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్లన్నిటికీ కలిపి రోజుకి 20 కోట్లకు పైగా రిక్వెస్టులు వచ్చేవి. వాటి వెనకున్న ఎస్‌క్యూఎల్ సర్వర్లు నాలుగు. షార్డులు కావలసినవాళ్ళు లేరని కాదు, ఉన్నారు. వాళ్ళు ఆవకాయ అమ్మరు.

మొన్న సైటు నత్తనడక నడుస్తోందని నన్ను పిలిచారు. వెళ్ళేసరికి 24 షార్డుల ప్రతిపాదన స్లైడులతో సహా సిద్ధంగా ఉంది. స్లో క్వెరీ లాగ్ తెరవమన్నాను. అదెక్కడుంటుందో వెతకడానికి అరగంట పట్టింది. ఆర్డర్ల టేబుల్లో ఫోన్ నంబరు కాలమ్‌కి ఇండెక్స్ లేదు.