ఉప్పునీళ్ల వైద్యం, వీసాల వైద్యం

ఎబోలా గాలిలో రాదు. దోమ కుట్టినా రాదు. జబ్బు పడిన మనిషి రక్తమో, వాంతో, విరేచనమో మరొకరి గాయానికో కంటికో నోటికో తగలాలి. వైరస్ ఒంట్లో చేరిన 2 నుంచి 21 రోజుల్లో జ్వరం మొదలవుతుంది. లక్షణాలు కనబడేదాకా ఆ మనిషి వల్ల ఎవరికీ అంటదు. జబ్బు ముదిరేకొద్దీ వైరస్ పెరుగుతుంది, ప్రాణం పోయిన శరీరంలో మరీ ఎక్కువ. కాబట్టి ఇది ముఖ్యంగా సేవ చేసినవాళ్లకు వచ్చే జబ్బు: పక్క శుభ్రం చేసిన తల్లికి, సెలైన్ పెట్టిన నర్సుకు, శవానికి స్నానం చేయించిన చుట్టానికి. 1976లో నాటి జైర్‌లోని యంబుకు గ్రామంలో ఇది తొలిసారి బయటపడినప్పుడే ఈ సంగతి తేలిపోయింది. అక్కడి మిషన్ ఆసుపత్రిలో రోజుకు ఐదు సిరంజీలతో వచ్చినవాళ్లందరికీ సూదులు పొడిచారు. 318 మందికి జబ్బు సోకింది, 280 మంది పోయారు.

వచ్చే దారి ఇంత స్పష్టంగా తెలిసిన జబ్బుకు ఆ దారితో నిమిత్తం లేని చికిత్సలు ఎన్ని పుట్టాయో చూడాలంటే 2014ను మించిన సంవత్సరం లేదు. గినియాలో మొదలై లైబీరియా, సియెర్రా లియోన్‌లకు పాకిన ఆనాటి విజృంభణ 2016లో ముగిసేలోగా 28,600 మందికి పైగా సోకి, 11,300కు పైగా మందిని పొట్టన పెట్టుకుంది.

ఆ చికిత్సల్లో బాగా పేరుపడినది ఉప్పునీళ్ల వైద్యం. 2014 ఆగస్టులో నైజీరియాలో ఫోన్ల నిండా ఇదే సందేశం: ఉప్పు కలిపిన నీళ్లతో స్నానం చేసి, ఉప్పునీళ్లు తాగితే ఎబోలా దరి చేరదు. తాగినవాళ్లలో కనీసం ఇద్దరు చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ నెల మధ్యలోనే ప్రకటించింది. లోకం నవ్వుకుంది. మరుసటి నెలలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ మూడు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపాల్సి వచ్చింది. అవి సుగంధ తైలాలతోను, వెండి రేణువుల ద్రావణంతోను ఎబోలా తగ్గుతుందన్న ప్రచారం మీద సరుకు అమ్ముకుంటున్నాయి. పల్లెలో చెబితే మూఢనమ్మకం, సీసాకు లేబుల్ అంటిస్తే ఆరోగ్య ఉత్పత్తి.

సియెర్రా లియోన్‌లోని కైలాహున్ జిల్లా, సొకోమా గ్రామంలో ఒక నాటువైద్యురాలు తనకు ఎబోలాను నయం చేసే శక్తి ఉందని చెప్పుకుంది. సరిహద్దు దాటి గినియా నుంచి కూడా రోగులు వచ్చారు. వాళ్లనుంచి ఆమెకూ అంటుకుని, ఆమె పోయింది. పేరున్న మనిషి కావడంతో అంత్యక్రియలకు వందలాది మంది కదిలొచ్చారు. ఆ ఒక్క అంత్యక్రియలతో ముడిపడిన మరణాలు 365 దాకా ఉండవచ్చని తర్వాత లెక్క తేల్చారు. అయితే ఆమె దగ్గరికి జనం ఎందుకు వెళ్లారన్నది కూడా అడగాలి. అధికారిక పోస్టర్లు, రేడియోలు మొదట్లో ఊదరగొట్టిన మాట ‘ఎబోలాకు మందు లేదు’ అని. మందు లేదని సర్కారే చెబుతుంటే ఆసుపత్రికి వెళ్లడమెందుకని రోగులను ఇళ్లలోనే దాచుకున్నారు. మందు ఉందన్న ఒకే ఒక్క మనిషి సొకోమాలో కనబడింది.

ఉప్పునీళ్ల వైద్యానికి కోటు, టై తొడిగితే వీసాల వైద్యం అవుతుంది. 2014 ఆగస్టు 8న అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రయాణాల మీద మూకుమ్మడి నిషేధాలు వద్దని అదే రోజు చెప్పింది. అక్టోబరు చివర్లో ఆస్ట్రేలియా, ఆ వెంటనే కెనడా పశ్చిమాఫ్రికాలోని ఎబోలా దేశాలవారికి వీసాలు ఆపేశాయి. అప్పటికి ఆ రెండు చోట్లా ఒక్క ఎబోలా కేసు లేదు. ఉప్పునీళ్లు తాగినవాడు తన ఒంటికే చేటు తెచ్చుకున్నాడు, వీసాల వైద్యంలో తాగేదొకరు, వాంతి చేసుకునేది ఇంకొకరు. విమానాలు తగ్గిపోయి, సాయానికి వెళ్లే వైద్యులకే ప్రయాణం కష్టమైంది.

ఈ వైద్యంలో రోగి నాడి కాకుండా దేశపటం పట్టుకుంటారు, అదీ తలకిందులుగా. ఆగస్టులో కొరియన్ ఎయిర్ నైరోబీకి విమానాలు ఆపేసింది. కెన్యాలో ఎబోలా లేదు. లైబీరియా రాజధాని మన్రోవియాకు నైరోబీ ఐదు వేల కిలోమీటర్లకు పైగా దూరం, మాడ్రిడ్ నాలుగు వేల లోపే. అక్టోబరులో మాడ్రిడ్‌లో ఒక నర్సుకు నిజంగానే ఎబోలా సోకింది. మాడ్రిడ్ మీద ఎవరూ నిషేధం పెట్టలేదు, ఆమె పెంపుడు కుక్కను మాత్రం చంపేశారు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, కెన్యా వెళ్లొచ్చిన ఒక టీచరు చివరికి ఉద్యోగమే వదులుకోవాల్సి వచ్చింది. మొరాకో 2015 ఆఫ్రికా ఫుట్‌బాల్ కప్‌ను ఎబోలా భయంతో అనుకున్న తేదీల్లో జరపనని ఆతిథ్యం పోగొట్టుకుంది. అంతకు ముందు గినియా జట్టు సొంతగడ్డ మ్యాచ్‌లు ఆడింది ఆ మొరాకోలోని కాసాబ్లాంకాలోనే.

విమానాశ్రయాల్లో నుదుటికి గురిపెట్టే థర్మామీటరు ఈ శాస్త్రంలో పూజాద్రవ్యం. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఆ మూడు పశ్చిమాఫ్రికా దేశాల నుంచి బయల్దేరిన వేలాది మందిని పరీక్షించి 77 మందిని ఆపారు. వాళ్లలో ఎవరికీ ఎబోలా తేలినట్టు సమాచారం లేదు, చాలామందిది మలేరియా. సెప్టెంబరులో మన్రోవియా నుంచి అమెరికా బయల్దేరిన థామస్ ఎరిక్ డంకన్‌కు మాత్రం ఆ పూట జ్వరం లేదు, దర్జాగా విమానమెక్కాడు. డల్లాస్‌లో జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళ్తే ఎక్కణ్ణుంచి వచ్చావని అడిగారు, ఆఫ్రికా నుంచి అన్నాడు, అది రాసుకున్నారు, యాంటీబయాటిక్స్ ఇచ్చి ఇంటికి పంపారు. రెండు రోజులకు అంబులెన్సులో తిరిగొచ్చి, అక్టోబరు 8న చనిపోయాడు. ఇంట్లో అతనితో కలిసి ఉన్నవాళ్లలో ఎవరికీ సోకలేదు. చివరి రోజుల్లో సేవ చేసిన ఇద్దరు నర్సులకు సోకింది. పాఠ్యపుస్తకం చెప్పినట్టే జరిగింది, పుస్తకం తెరిచినవాళ్లు తక్కువ. అదే నెలలో సియెర్రా లియోన్‌లో సేవ చేసి వచ్చిన మరో నర్సును, పరీక్షల్లో ఎబోలా లేదని తేలినా, న్యూజెర్సీలో గుడారంలో కూర్చోబెట్టారు.

నిజంగా పనిచేసిన పద్ధతి చూడ్డానికి అంత జోరుగా ఉండదు. జులైలో లైబీరియా నుంచి జబ్బుతో ఒక ప్రయాణికుడు లాగోస్‌లో దిగాడు. అతణ్ణి ఆసుపత్రి వదిలి వెళ్లనివ్వని వైద్యురాలు అమెయో అడాదెవో ఆ జబ్బుతోనే ప్రాణం విడిచారు. తర్వాత నైజీరియా ఆరోగ్య సిబ్బంది రోగులను తాకినవాళ్లు, తాకి ఉండవచ్చన్నవాళ్లు దాదాపు 900 మందిని వెతికి పట్టుకుని, 21 రోజులు ఇంటింటికీ తిరిగి జ్వరం చూశారు. మొత్తం 20 కేసులు, 8 మరణాలు. అక్టోబరు 20న దేశం ఎబోలా నుంచి బయటపడింది. ఉప్పునీళ్ల దేశమని లోకం నవ్వింది దీన్ని చూసే.

చికిత్సలో మొదటి మెట్టు ఇప్పటికీ పోయిన నీరు, లవణాలు తిరిగి ఎక్కించడమే. ఉప్పుకు ఇందులో చోటుంది, కాకపోతే కొలత ప్రకారం. కాంగోలో జరిగిన పరీక్షల్లో నెగ్గిన రెండు యాంటీబాడీ మందులకు 2020లో ఆమోదం దొరికింది. టీకా కథ ఇంకా రసవత్తరం. కెనడా ప్రభుత్వ ప్రయోగశాల తయారుచేసిన టీకా కోతులను పూర్తిగా కాపాడుతుందని 2005లోనే తేలింది. కొనేవాళ్లు పేదలు కావడంతో అది ఏళ్ల తరబడి ఫ్రీజర్‌లో ఉండిపోయింది. 2014 ఆగస్టులో కెనడా ఆ టీకాను ఉదారంగా విరాళమిచ్చింది, అక్టోబరులో అది చేరాల్సిన దేశాల మనుషులకు వీసాలు ఆపింది. 2015లో గినియాలో రోగుల చుట్టుపక్కలవారికి వలయంలా టీకా వేసి చూశారు. వేయించుకున్న 5,837 మందిలో పది రోజుల తర్వాత ఒక్కరికీ ఎబోలా రాలేదు.

ఆ టీకా ఎబోలా వైరస్‌లలో జైర్ రకానికే. 2022లో ఉగాండాలో సూడాన్ రకం బయటపడినప్పుడు ఆమోదం పొందిన టీకా లేదు. 142 మందికి నిర్ధారణ అయి, 55 మంది పోయాక, తాకినవాళ్లను వెతికి పట్టుకునే పాత పద్ధతే దాన్ని నాలుగు నెలల్లోపు ఆపింది. ఆ అక్టోబరులో అమెరికా, ఉగాండా నుంచి వచ్చేవాళ్లందరినీ ఐదు విమానాశ్రయాలకు మళ్లించి జ్వరం చూసింది. 2014లో చూసిందీ ఆ ఐదింటిలోనే. ఒక్క కేసూ దొరకలేదు.