వరద మంజూరు కోరుతూ విన్నపం

పశ్చిమ గోదావరి జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,
తణుకు నుంచి ఒక బీరువా యజమాని వ్రాసుకొను విన్నపము ఏమనగా:

మా ఇంట్లో బీరువా తలుపు పడటం లేదండి. పేరంటాల్లో పెట్టిన జాకెట్టు గుడ్డలు, మా అబ్బాయికి పొట్టయిన ప్యాంట్లు, కాశీయాత్రకని కొన్న స్వెట్టర్లు, ఫాల్ ఊడిన చీరలు పేరుకుపోయాయి. పారేద్దామంటే మనసొప్పదు. పనమ్మాయికిస్తే వద్దంది. కనుక ఈ ఏడు ఓ మోస్తరు వరద, లారీ అందే దూరంలో, మంజూరు చేయించగలరు. ఎర్రకాలువ మాత్రం వద్దండి, అది పొంగితే మా చేలే మునుగుతాయి.

మాకు అనుభవం ఉందండి, ఆయ్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మూటలు కట్టి పంపినవాళ్లమే. ఆ చీరల్లో సగం విజయవాడ వస్త్రలతలో టోకున కొనుక్కొచ్చి మా ఊరి కొట్లలో అమ్మినవే. పదేళ్లు కట్టి, వెలిశాక, సారె పెట్టి పుట్టింటికి సాగనంపినట్టు పంపాం. బియ్యం, పప్పులూ అంతే. గొల్లపూడి టోకు మార్కెట్టున్న ఊరికి ఇక్కణ్ణుంచి లారీ కట్టాలా? ఆ కిరాయి, డీజిలు, హమాలీ డబ్బులు ఫోన్లో నొక్కి పంపితే నిమిషంలో చేరేవి. అక్కడే కొత్త సరుకొచ్చేది, కొట్టు మునిగిన శెట్టిగారికి నాలుగు బేరాలూ తగిలేవి. ఊరకే వచ్చిన సరుకు ఆయన గుమ్మం ముందే పంచితే అది ఆయనకు రెండో వరద.

మొదటి రెండ్రోజుల సంగతి వేరు. కొట్లే మునిగినప్పుడు పులిహోర పొట్లం డ్రోన్ మీదొచ్చినా అమృతమే. నీళ్లు తీశాక కథ మారుతుంది. ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో బురద కడిగాయి. అప్పుడు ఒకరికి గ్యాస్ పొయ్యి కావాలి, ఒకరికి పరుపు, ఇంకొకరికి బైకు ఇంజన్లో చేరిన బురద తీయించాలి. నా స్వెట్టరు వేసి కిక్కు కొడితే బండి స్టార్టవదు కదండీ. కింది అంతస్తు మునిగిన ఇంటికి ప్రభుత్వం 25,000 రూపాయలు ఇచ్చింది. దాంతో ఏం కొనుక్కోవాలో ఆ ఇల్లాలికి తెలిసినట్టు మాకు తెలియదు.

2004 సునామీ తర్వాత నాగపట్నంలో పాతబట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. మత్స్యకారులు ముట్టలేదు. అన్నీ పోగొట్టుకున్నారు గానీ మర్యాద పోగొట్టుకోలేదు. 1998లో హోండురాస్‌లో తుపాను వచ్చినప్పుడైతే దానమిచ్చిన బట్టలు రన్‌వే మీద పేరుకుని, సహాయం తెచ్చిన విమానానికి దిగే చోటు లేకుండా చేశాయి.

డబ్బిస్తే మధ్యలో తినేస్తారంటారు. ఆ అనుమానం ఉత్తది కాదు. అందుకని ఎంత వచ్చింది, దేనికెంత పోయింది, ప్రతి సచివాలయం గోడకూ అంటించమని తమరే ఆర్డరు వేయండి. ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తే రసీదైనా వస్తుంది, పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకి మినహాయింపూ ఉంది. మూటకి రసీదెవరిస్తారు?

అయితే అసలు ఇబ్బంది అది కాదండి. లారీకైతే ఫ్లెక్సీ కట్టుకోవచ్చు. పైన నాయకుడు, కింద వరసగా మేము, నరేంద్ర సెంటర్లో జెండా ఊపి ఫోటో. ఫోన్లో డబ్బు పంపితే ఫ్లెక్సీ ఎక్కడ కట్టాలి?

కావున, వరద మంజూరు కుదరని పక్షంలో, సహాయనిధికి డబ్బు కట్టినవాళ్లకి తలో ఫ్లెక్సీ మంజూరు చేయించ ప్రార్థన.

చిత్తగించవలెను.

ఇట్లు,
బీరువా యజమాని, తణుకు

తా.క.: ఫ్లెక్సీ ఖర్చు తమరు పెట్టక్కర్లేదు. దానికి మావాళ్లు ఎప్పుడూ నగదే ఇస్తారు.