సన్నబడే చెయ్యి, వెడల్పయ్యే రోడ్డు

బదరీనాథ్ పోయే దారిలో, 6,000 అడుగుల పైచిలుకు ఎత్తున జోషీమఠ్ ఉంది. ఆది శంకరులు స్థాపించిన నాలుగు మఠాల్లో ఉత్తరాది మఠం ఇక్కడిదే. ఊళ్లో నరసింహస్వామి గుడి ఉంది. స్వామి ఎడమ చెయ్యి ఏటికేడు సన్నబడుతోందని, అది విరిగిన నాడు కొండలు రెండూ కలిసిపోయి బదరీనాథ్ దారి మూసుకుపోతుందని అక్కడివాళ్ల నమ్మకం. చెయ్యి ఎంత సన్నబడిందో పూజారులకే తెలియాలి. రోడ్డు వెడల్పవడం మాత్రం అందరికీ కనబడుతూనే ఉంది.

మా కాలనీలో యాత్రలు నడిపే పెద్దమనిషి ఈ కథనే కరపత్రంలో అచ్చేయించాడు. ‘స్వామి చెయ్యి విరగకముందే బదరీ దర్శనం. వంటవాళ్లు మనవాళ్లే. ఆవకాయ, గోంగూర మా బాధ్యత.’

‘‘ఏమండీ, ఆ ఊరు కుంగిపోతోందటగా?’’ అన్నాను.

‘‘అందుకే కదండీ తొందరపడమంటున్నాను! మన యాదగిరిగుట్ట స్వామేనండి, ఏం కానివ్వడు. ముందు సీట్లు కావాలంటే ఇవాళే అడ్వాన్సు కట్టేయండి.’’

ఆయన్ని అనుకుని లాభం లేదు. ఊరు కుంగుతోందని తెలిశాక కూడా యాత్రల సీజను పెంచుకుంటున్న ప్రభుత్వం ముందు మా కాలనీ కరపత్రం ఎంత?

చెయ్యి సంగతి నమ్మకం, సరే. ఆ ఊరికి రెండో జోస్యం కూడా ఉంది. దాన్ని ప్రభుత్వమే కమిటీ వేసి మరీ రాయించుకుంది. గఢ్వాల్ కమిషనర్ ఎం.సి. మిశ్రా అధ్యక్షతన వేసిన ఆ కమిటీ 1976లోనే తేల్చి చెప్పింది. ఊరు నిలబడింది గట్టి రాతి మీద కాదు, ఎప్పుడో కొండచరియ విరిగిపడి పోగైన మట్టీ రాళ్ల గుట్ట మీద. కాబట్టి భారీ కట్టడాలు వద్దు, బండలు పెకలించవద్దు, పేల్చవద్దు. చెట్లు పెంచండి, వాడిన నీళ్లు నేలలోకి ఇంకకుండా కాలవలు కట్టండి అంది. సర్కారు ఆ నివేదికను శ్రద్ధగా చదివే ఉంటుంది. వద్దన్న పనుల జాబితా దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే పూర్తి చేసింది మరి.

ముందు కరెంటు సంగతి చూద్దాం. 520 మెగావాట్ల తపోవన్–విష్ణుగఢ్ ప్రాజెక్టు కోసం కొండలో సొరంగం తవ్వడం మొదలుపెట్టారు. 2009 డిసెంబరులో తవ్వే యంత్రం పోయి పోయి భూగర్భ జలధారకు చిల్లు పెట్టింది. రోజుకు ఆరేడు కోట్ల లీటర్ల నీళ్లు బయటికొచ్చాయి. ఇరవై ముప్ఫై లక్షల మందికి చాలే నీళ్లని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మా సొరంగం ఊరి కిందుగా పోవడం లేదు, కిలోమీటరు అవతలగా పోతోంది అని ప్రాజెక్టు కడుతున్న ఎన్టీపీసీ వాదన. నీళ్లకు సరిహద్దు రాళ్లు చదవడం రాదని ఎవరూ చెప్పినట్టు లేదు. 2021 ఫిబ్రవరి 7న రిషిగంగ, ధౌలిగంగ పొంగి తపోవన్ బ్యారేజీని ఊడ్చేశాయి. ఆ రోజు 200 మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. ప్రాజెక్టును మాత్రం వదిలిపెట్టలేదు.

ఇక రోడ్డు. రహదారి విస్తరణ 100 కిలోమీటర్లు దాటితే పర్యావరణ ప్రభావ మదింపు జరగాలని నిబంధన. బదరీనాథ్ దాకా పోయే ఈ చార్‌ధామ్ రోడ్డేమో దాదాపు 900 కిలోమీటర్లు. మన ఇంజినీర్లు తలగోక్కోలేదు. మొత్తాన్ని 53 ముక్కలు చేశారు. ఏ ముక్కకు ఆ ముక్క వందలోపే, ఏ ముక్కకూ మదింపు అక్కర్లేదు. భీముడు జరాసంధుణ్ణి రెండు ముక్కలు చేస్తేనే ఇన్ని యుగాలుగా చెప్పుకుంటున్నాం!

వినోదానికీ లోటు లేదు. పైన ఔలీలో మంచు మీద జారే ఆటలు, అక్కడికి 2023 జనవరి దాకా జోషీమఠ్ నుంచే రోప్‌వే. 2019 జూన్‌లో దక్షిణాఫ్రికాలో పేరుమోసిన గుప్తా సోదరుల ఇంటి పెళ్లిళ్లు ఔలీ పచ్చికబయలు మీదే జరిగాయి. హైకోర్టు ముందుజాగ్రత్తగా మూడు కోట్లు డిపాజిట్టు కట్టించుకుంది. అతిథులు వెళ్లిపోయాక చెత్త ఎత్తడానికి మున్సిపాలిటీ వాళ్లకు రోజులు పట్టింది.

కుబేరుల్ని అనేసి మనం తప్పించుకుందామంటే కుదరదు. బకెట్టు వేణ్ణీళ్లకు విడిగా డబ్బులిచ్చి మనం చేసిన స్నానం నీళ్లు ఎక్కడికి పోయాయో ఎప్పుడైనా అడిగామా? లాడ్జి వెనక గుంతలోకి. గుంతలోంచి, నీళ్లు ఇంకనివ్వద్దని మిశ్రా కమిటీ మొత్తుకున్న ఆ మట్టిలోకే. పుణ్యం మనం తెచ్చుకున్నాం, తడి వాళ్లకు వదిలొచ్చాం.

2023 జనవరిలో లెక్క తేలింది. 860కి పైగా కట్టడాలు బీటలు వారాయి. ఊళ్లోని సింగ్‌ధార్ వాడలో ఓ చిన్న గుడి కూలింది. రెండు పెద్ద హోటళ్లు పెళ్లిపందిట్లో వియ్యంకుల్లా ఒకదాని మీదికొకటి ఒరిగాయి. ఆ ఆలింగనాన్ని విడదీయడానికి రెంటినీ కూల్చాల్సి వచ్చింది. ఉండటానికి పనికిరాని ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు వేశారు. ఆ గుర్తు పడ్డ ఇంటివాళ్లు రాత్రికి ఏ బడిలోనో, హోటలు గదిలోనో తలదాచుకున్నారు. తెల్లారేసరికి మళ్లీ ఆ ఇంటికే వచ్చారు. ఆవుకు గడ్డి వెయ్యాలి కదా. దానికి ఎర్ర గుర్తు అర్థం కాదు. తక్షణ సాయం లక్షన్నర, అద్దెకు నెలకు అయిదు వేలు ప్రకటించారు.

ఇస్రో ఉపగ్రహ చిత్రాలు చూసి, 12 రోజుల్లో ఊరు 5.4 సెంటీమీటర్లు కుంగిందని చెప్పింది. ఆ చిత్రాలు అంతలోనే వెబ్‌సైట్ నుంచి మాయమయ్యాయి. మీడియాతో మాట్లాడొద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ శాస్త్రసంస్థలకు కబురు పంపింది. ఎనిమిది సంస్థలు చేసిన అధ్యయనాలు నెలల తరబడి బయటికి రాలేదు. సెప్టెంబరులో హైకోర్టు ఎందుకు దాస్తున్నారని నిలదీశాకే వెలుగు చూశాయి. నేల జారడం ఆపలేకపోయినా నోరు జారడం ఆపగలిగారు. విపత్తు నిర్వహణంటే అదే కాబోలు.

భక్తులు మాత్రం వెనక్కి తగ్గలేదు. ఊరికి బీటలొచ్చిన ఆ ఏడాదే చార్‌ధామ్ యాత్రికులు 50 లక్షలు దాటారు. రికార్డని అధికారులు మురిసిపోయారు. పూర్వం మంచు కురిస్తే గుళ్లు మూసేవాళ్లు, ఊరు ఊపిరి పీల్చుకునేది. ఇప్పుడు శీతాకాల చార్‌ధామ్ అని కొత్తగా ప్రచారం సాగుతోంది. బదరీనాథ్ తలుపులు మూశాక శంకరాచార్యుల గద్దె వచ్చేది ఈ నరసింహస్వామి గుడికే. కాబట్టి ఆ ఆర్నెల్లూ కూడా ఊరికి సెలవు లేదు.

అలాగని ప్రభుత్వం ఏమీ చెయ్యలేదంటే కళ్లు పోతాయి. 2023 నవంబరులో పునరుద్ధరణకు 1,658 కోట్ల ప్రణాళిక ఆమోదం పొందింది. 2024 జూన్‌లో ఊరి పేరు అధికారికంగా జ్యోతిర్మఠ్‌గా మారింది. ఇల్లు నిలబెట్టాలంటే ఏళ్లు పడుతుంది, బోర్డు నిలబెట్టడానికి పూట చాలు.

అసలు కిటుకంతా రెండు జోస్యాల మధ్య తేడాలో ఉంది. చెయ్యి విరిగితే దైవలీల. దానికి బాధ్యుడు లేడు, ఫైలు లేదు, విచారణ లేదు. నివేదిక నిజమైతే మాత్రం ఎవరు చదివారు, ఎవరు పక్కన పడేశారు, ఏ టెండరు మీద ఎవరు సంతకం పెట్టారు అని ప్రశ్నలొస్తాయి. అందుకే మన పాలకులకు రానురాను భక్తి పెరుగుతోంది.

పైగా స్వామి ఏర్పాట్లు స్వామికున్నాయి. బదరీ దారి మూసుకుపోయాక బదరీనాథుడు తపోవన్ పైనున్న భవిష్యబదరిలో వెలుస్తాడట. దారి మూతపడడానికి యుగాల ముందే పునరావాస స్థలం ఖరారైపోయింది. పోలవరం నిర్వాసితులు కాస్త అసూయపడినా తప్పులేదు. ప్రస్తుతం ఆ గుడికి అడవిలో కొంతదూరం నడిచి పోవాలి. అక్కడికీ వెడల్పాటి రోడ్డు వేసి, రోప్‌వే బిగించి, లాడ్జీలకు పర్మిట్లు ఇస్తే సరిపోతుంది. కొత్తగా కమిటీ వేసే ఖర్చు కూడా అక్కర్లేదు. మిశ్రా నివేదికలో ఊరి పేరొక్కటి మార్చుకుంటే చాలు. పేర్లు మార్చడంలో ఎలాగూ చెయ్యి తిరిగినవాళ్లమే.