రంజన్ చిన్నది, ఫ్లెక్సీ పెద్దది

ఏప్రిల్ వచ్చిందంటే జఫర్‌గఢ్ లాంటి మండల కేంద్రాల్లో చలివేంద్రాలు మొలుస్తాయి. నాలుగు బొంగులు, పైన తాటాకులు, కింద తడి గోనెసంచి చుట్టిన రెండు రంజన్లు. వెనక ఫ్లెక్సీలో పార్టీ మొత్తం. రిబ్బన్ కత్తిరించి నాయకుడు గ్లాసు ఎత్తుతాడు, ఫొటో దిగుతాడు, కారెక్కి సీసా నీళ్లు తాగుతాడు.

మూడో రోజుకు గొలుసుంటుంది, గ్లాసుండదు. వారం తిరిగేసరికి రంజన్‌లో నీళ్లూ ఉండవు. ముసలవ్వ తొంగి చూసి ‘నీళ్లేవి బిడ్డా?’ అంటే, ‘ఓపెనింగ్ అయిపోయిందవ్వా’ అని జవాబు.

2016లో మొదలైన మిషన్ భగీరథ ఇంటింటికీ నల్లా అంది కదా, మళ్లీ ఈ పందిళ్లెందుకని అడగకండి. నల్లా మీద ఫొటో వేసుకునే జాగా లేదు. జఫర్‌గఢ్ గుట్ట మీది కోటతో ఊరికి తన పేరు మిగిల్చిన జఫరుద్దౌలాకు ఫ్లెక్సీ దొరికుంటే, అంత రాయి మోయించే ఖర్చు తప్పేది.

వేసవి ఆటలదీ ఇదే వరస. 2022 జూన్ 2న ఊరూరా క్రీడా ప్రాంగణాలన్నారు. చాలాచోట్ల బోర్డు నిలబడింది, దాని నీడన మేకలు లాంగ్‌జంప్ చేస్తున్నాయి. పిల్లలు కోసిన వరి మడిలో వికెట్లు పాతుకున్నారు.

అకాల వాన పడ్డ రాత్రి మాత్రం చలివేంద్రం ఫ్లెక్సీకి పని పడుతుంది. ఎవరో విప్పుకెళ్లి కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్ప మీద కప్పుతారు. నాయకుడి బాధల్లా ఒకటే: తన మొఖం లోపలివైపుకు వేశారని.