చివరి వరుస

వరంగల్‌లో ఒక చిన్న కంటి దవాఖాన గోడకు వేలాడే అక్షరాల చార్టును నేను. నా మీద ఏడు వరుసలు. పైన ఒక్కటే అక్షరం, దాదాపు 9 సెంటీమీటర్ల ఎత్తు. అట్టడుగున ఉన్నవి 9 మిల్లీమీటర్లు కూడా ఉండవు. ఏ దూరం నుంచి ఎంత అక్షరం కనబడాలో 1862లో నెదర్లాండ్స్ కంటి వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ లెక్కగట్టాడు. మా వంశమంతా ఆ లెక్క మీదే నడుస్తోంది. నా పై అక్షరాన్ని మంచి కన్ను 60 మీటర్ల నుంచి చదువుతుంది. 6 మీటర్ల దూరంలో కూర్చున్నా అదొక్కటే కనబడితే చీటీ మీద 6/60 అని, చివరి వరుస దాకా చదివితే 6/6 అని రాస్తారు. ప, వ దగ్గర చాలామంది తడబడతారు. తలకట్టు అంటిందో లేదో తేల్చుకోవడానికి కళ్లు చికిలిస్తారు. ఆ చికిలింపు కూడా డాక్టరుకు ఒక ఆనవాలే.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో తెలంగాణ ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు మొదలైంది. ఆ ఏడే నేను అచ్చయ్యాను. నన్ను చుట్టి సంచిలో పెట్టుకుని బస్తీలకు తీసుకుపోయారు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక పెద్దాయన నన్ను చివరిదాకా గడగడా చదివి, "అన్నీ కనవడుతున్నయ్ సారూ, మరి పోగు తెగితే కొస ఎందుకు దొరుకుతలేదు?" అని అడిగాడు. చత్వారం అది. నలభై దాటాక కంటిలోని కటకం బిగుసుకుపోయి దగ్గరి చూపు తగ్గుతుంది. దూరాన వేలాడే నేను దాన్ని పట్టలేను. చేతిలో పట్టుకుని చదివే చిన్న అక్షరాల కార్డు వేరే ఉంటుంది, ఆ పని దానిది. దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే ఇచ్చారు. ఆయన వాటిని పెట్టుకుని ముందుగా తన వేలిగోళ్లనే చూసుకున్నాడు. 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత మొదలయ్యాక కూడా అలాంటి చేతులను ఎన్నో చూశాను.

పిల్లలు వస్తే నాకు దిగులు. రెండు కళ్లూ తెరిచి అన్నీ చదివేస్తారు. ఒక కన్ను మూయమంటే వేళ్ల సందులోంచి చూస్తారు. అరచేత్తో పూర్తిగా మూసినప్పుడే రెండో కన్ను ఏనాడూ సరిగ్గా చూడలేదని బయటపడుతుంది. అలా బద్ధకించిన కంటికి ఏడెనిమిదేళ్లలోపు చికిత్స మొదలైతే ఫలితం బాగుంటుంది. ఇంటిదగ్గర క్యాలెండరు చూపించి, ఒక్కో కన్నూ మూసి చదివించవచ్చు, పైసా ఖర్చు లేదు. ఇక దూరపు చూపు మసకబారే హ్రస్వదృష్టి సంగతికొస్తే, తైవాన్ బడుల్లో 2010 నుంచి పిల్లల్ని రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచే కార్యక్రమం నడిపి, దాని పెరుగుదలకు అడ్డుకట్ట వేశారు. మన పిల్లలకూ కావలసింది ఆ పగటి వెలుతురే.

కోతల కాలంలో వచ్చేవాళ్లు వేరు. వాళ్లకు నా పై అక్షరం కూడా కనబడదు, డాక్టరు మొహం ముందు వేళ్లు చూపి లెక్కబెట్టమంటారు. వరిపొట్టో, పత్తి పుల్లో కొట్టుకుని నల్లగుడ్డు గీరుకుంటుంది. నాలుకతో నలుసు తీయించుకుంటారు, ఆకుపసరు పోస్తారు, లేదంటే మందుల దుకాణంలో అడిగి చుక్కలు తెచ్చుకుంటారు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, బూజు పుండు మాత్రం లోలోపల పెరుగుతుంది. చివరికి మిగిలేది కంట్లో తెల్లని పువ్వు. దెబ్బ తగిలిన రోజే వచ్చి ఉంటే ఆ కన్ను దక్కేదని నాకు ప్రతి పంటకూ అనిపిస్తుంది.

అందరికంటే ఎక్కువగా నన్ను కలతపెట్టినవాడు ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. కారం ఘాటుకు కళ్లు మండుతున్నాయని వచ్చాడు. రెండు కళ్లతోనూ, విడివిడిగా, నా చివరి వరుస తప్పు లేకుండా చదివాడు. వెళ్లబోతూ ద్వారబంధానికి భుజం కొట్టుకున్నాడు. డాక్టరు వెనక్కి పిలిచి కంటి ఒత్తిడి కొలిచి, లోపలి నరం చూశారు. నీటికాసులు. పక్క చూపు అప్పటికే చాలావరకు పోయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, నడిమి చూపు చెక్కుచెదరలేదు. నేను కొలిచేది ఆ నడిమి చూపునే. నన్ను చదవగలిగాడు కాబట్టే ఇన్నేళ్లూ కళ్లు బాగున్నాయనుకున్నాడు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలవాలంటే చుక్కలు మానకూడదు. "నీ తోడబుట్టినోళ్లను గూడ తోల్కరా" అన్నారు డాక్టరు, ఆ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది కనుక. షుగరు కూడా నాకు అలాగే చిక్కదు, రెటీనాలో రక్తనాళాలు చెడుతున్నా నా అక్షరాలు చాలాకాలం స్పష్టంగానే కనబడతాయి.

అందుకే నన్ను చదివేసి లేచి వెళ్లిపోకండి. నలభై దాటితే కంటి ఒత్తిడి, నరం చూడమని మీరే అడగండి. షుగరు ఉంటే ఏడాదికోసారి రెటీనా చూపించుకోండి. వరంగల్‌లోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి ప్రభుత్వానిదే. పరీక్షకు కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు. కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపలేరు. ఇంట్లోవాళ్లలో ఒకరిని తోడు తెచ్చుకోండి. వాళ్ల కళ్లూ ఆ రోజే చూపించండి.